గొలుసుకుట్టు రెక్కలు

వెంకట్రాం కొత్త దారపుండ నుంచి వేలెడంత తెంపి, కొసను అగ్గిపుల్ల మంటకు అందించాడు. దారం వెనక్కి ముడుచుకుని నల్లటి పూసలా గడ్డకట్టింది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చేది, వేళ్ల మధ్య బూడిద రాలేది. నూలని చెప్పి అమ్మినవాడి మీద అతనికి కోపమేమీ రాలేదు. ఉండను పక్కకు నెట్టి, హోంగార్డు చొక్కా భుజాన్ని మళ్లీ సూది కిందికి జరిపాడు. కుడికాలు తనంతట తానే పెడల్‌ను వెతుక్కుంది.

జనగామ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ దుకాణం వెడల్పు ఒక మంచమంత. గోడల నిండా ఇత్తడి నక్షత్రాలు, ఈల తాళ్లు, టోపీలు, బెల్టులు. పోలీసులకు, హోంగార్డులకు, భూపాలపల్లి గనుల దగ్గర కాపలా కాసేవాళ్లకు అతనే బట్టలు కుడతాడు. అరవై దాటాయి. మెడ ముందుకు వంగి అలాగే నిలిచిపోయింది. విరిగిన కళ్లజోడు పుల్లకు దారం చుట్టి ఉంది. కుడికాలి పిక్క ఎడమదానికంటే లావు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సూది దిగినచోట రెండుగా చీలి, ఆ చీలికతోనే పెరుగుతోంది. మిషన్‌కు మోటారు పెట్టించుకొమ్మని అందరూ చెప్పారు. కాలు ఊరుకుంటే అతనికి తోచదు.

“పోదామా అన్న? రైలు టైమైతాంది.”

యుగేందర్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పక్క వీధిలో కరెంటు సామాన్ల కొట్టు అతనిది. సిపాయిల చిహ్నాలు సేకరించే పిచ్చి ఉంది. అన్నిటికంటే అతనికి ఇష్టం, విమానంలోంచి దూకినవాళ్లు చొక్కా చేతికి కుట్టుకునే గుడ్డ రెక్కలు. మధ్యలో తెల్లటి గొడుగు, రెండు పక్కలా లేత నీలం రెక్కలు. ఇష్టపడేవాళ్లు ఎక్కువ గనుక వాటికి నకళ్లూ ఎక్కువే. కొత్తవాటిని టీ నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి పాతవని అమ్ముతారు. ఏదైనా చేతికొస్తే యుగేందర్ మొదట వెంకట్రాంకే చూపిస్తాడు. వెంకట్రాం ఒక్క మాటే అంటాడు, నిజమే అనో, కాదు అనో. ఎందుకో చెప్పడు.

“ఈ భుజం కుట్టొస్త.”

“వచ్చినంక కుట్టుకో. ఆ పిల్ల పొద్దుగాల మళ్ల ఫోన్ జేసింది. ముసలాయన గంజి గూడ తాగుతలేడట.”

పెడల్ ఆగింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా అతని కుడి మడమ పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. యుగేందర్ దానివైపు చూసి నవ్వాడు.

“డ్రైవర్ వేరే ఉన్నడన్న. నువ్వు తొక్కకున్నా పోతది.”

వెంకట్రాం కాలును సీటు కిందికి లాక్కున్నాడు.

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం. తెల్లారేసరికి ఇవ్వాల్సిన చొక్కాలు కుప్పగా పడి ఉన్నాయి. యుగేందర్ వచ్చి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. మానుకోట దగ్గర తండా నుంచి ప్రేమ్‌సింగ్ అనే ఆయన తెచ్చిన చొక్కా మీది రెక్కలు. నా కొట్లో ఊదారంగు టార్చి వేసి ఫొటో తీశాను అన్నాడు. ఆ వెలుగులో పాత నూలు చీకటిగా ఉండిపోతుంది. ఈనాటి దారం నీలంగా మెరుస్తుంది. బొమ్మలో రెక్కలు రెండూ దీపాల్లా మెరుస్తున్నాయి. పైగా గొలుసుకుట్టు. బజారు నకళ్లను మిషన్ మీద గొలుసుకుట్టుతో నింపేస్తారు, తొందరగా అవుతుందని. వెంకట్రాం ఓరగా చూశాడు. “కాదు” అన్నాడు. కాలు పెడల్ మీద నుంచి తీయలేదు.

ఆ ఒక్క మాట రైలెక్కి మానుకోట చేరింది. ప్రేమ్‌సింగ్ దాన్ని తీజ్ పండుగనాడు తండా అందరి ముందూ చెప్పాడు. ఆయన పెదనాన్న బాల్‌సింగ్ పడుచుతనంలో పట్టాళంలో చేరి, ఆకాశంలోంచి దూకి, కాలు విరిగి తిరిగొచ్చిన మనిషని తండాలో అందరికీ తెలుసు. పిల్లలు గొడుగు తాత అని పిలిచేవాళ్లు. పట్టాళం ఇచ్చిన కాగితంలో సిపాయి అనే ఉంది, దూకినట్టు లేదు. రెక్కలొక్కటే సాక్ష్యం. అవి నకిలీ అని తేలాక బాల్‌సింగ్ రెక్కలున్న చొక్కా విడిచేశాడు. కుట్లు విప్పి రెక్కలను దిండు కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత జ్వరం పట్టుకుంది. దవాఖానలో ఉంచుకుని ఇంటికి పంపించారు.

“సంగీత, ఆయన బిడ్డ, ఏమన్నదో తెల్సునా,” అన్నాడు యుగేందర్, గొంతు తగ్గించి. “మా బాపు బతుకుడు నా చేతుల లేదు, అబద్ధాలకోరని పేరు వెట్టుకుని మాత్రం పోవద్దు, ఆ చూసినాయనను తీస్కరా అన్నది. నీ పేరు నేను చెప్పలే. జనగామల ఒకాయన అన్న, అంతే.”

“చెప్తే ఏమైతది?”

“ఏం గాదు. ఊకె ఎందుకని.”

వెంకట్రాం కిటికీలోంచి చూశాడు. కోసిన పొలాలు, పొగ, కరెంటు తీగల మీద పిట్టలు.

అతను మొగుళ్లపల్లిలో మగ్గాల ఇంట పుట్టాడు. మగ్గాలు ఆగిపోయాక ఎవరో తెలిసినాయన వెంట ఆగ్రా వెళ్లాడు. అక్కడ పట్టాళం బజారులో ఒక దర్జీ కొట్టు. దూకడం నేర్చుకునే సిపాయిలు చివరి దూకుడు అయిపోయిన సాయంత్రం రెక్కలు చేతబట్టుకుని ఆ కొట్టుకే పరుగెత్తుకొచ్చేవాళ్లు. అప్పుడే కుట్టాలి, అప్పుడే. చొక్కా విప్పరు, చెయ్యి చాపి నిలబడతారు. కొందరు ఊరుకోలేక బట్టలు కత్తిరించే బల్ల ఎక్కి కిందికి దూకి చూపించేవాళ్లు. గడ్డం ఛాతీకి అదిమి, మోచేతులు డొక్కలకు నొక్కి, మోకాళ్లూ పాదాలూ జంటగా కలిపి, కొద్దిగా వంగి. కాళ్లు విడిపోతే ఎముక విరుగుతుందని వాళ్ల ఉస్తాదు తిట్టి తిట్టి అలవాటు చేసేవాడట. బల్ల విరుగుతుందని కొట్టు యజమాని తిట్టేవాడు.

వెంకట్రాం ఎప్పుడూ దేనిమీది నుంచీ దూకలేదు. కొట్టు డాబా మీద నుంచి చూసేవాడు. దూరాన విమానం పొట్టలోంచి నల్లటి చుక్కలు రాలేవి. చుక్క రాలడానికీ, గొడుగు విచ్చుకోవడానికీ మధ్య కొంత ఆకాశం ఉండేది. ఆ కొంతసేపూ అతను ఊపిరి బిగబట్టేవాడు. తిరిగొచ్చి పెళ్లి చేసుకుని, జనగామలో కొట్టు పెట్టి ఇన్నేళ్లయినా, ఆ బిగబట్టిన ఊపిరి పూర్తిగా వదిలిన గుర్తు లేదు. భార్య వసంత ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే మిషన్ చప్పుడులోంచి సగం వినేవాడు. “ఒక్కపారి కాలు తీసి నా మొకం చూడు” అనేది. చివరికి భూపాలపల్లిలో కూతురింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు కూడా అతను తలూపి ఒక్క మాటే అన్నాడు. సరే అని.

మానుకోటలో దిగి ఆటో ఎక్కారు. మిర్చి ఆరబోసిన కళ్లాలు దాటాక తండా వచ్చింది. సిమెంటు ఇల్లు, ముందు రేకుల పంచ. సంగీత నీళ్లచెంబు ఇచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. ముఖం మాత్రం గట్టిగా ఉంది.

“ఈయనేనా కాకా?” అంది యుగేందర్‌తో.

“ఈయన ఆగ్రాల పని జేసిండమ్మా. రెక్కలు కుట్టిన చేతులు.”

పంచలో కుర్చీ మీద ఉన్న ప్రేమ్‌సింగ్ లేవలేదు. తెల్లచొక్కా, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు.

“జనగామాయన కాదని ఎన్నడో చెప్పిండు గదా. మళ్ల గీయనెవరు? నిజమైందని వచ్చేదాంక ఒక్కొక్కరిని పిలుస్తనే ఉంటవా చెల్లే?”

వెంకట్రాం చెంబు కింద పెట్టి లోపలికి నడిచాడు.

చీకటి గది. ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద బాల్‌సింగ్ పక్కకు తిరిగి ఉన్నాడు. ఒకప్పుడు పెద్ద మనిషే అయి ఉండాలి, మణికట్టు ఎముకలు ఇంకా వెడల్పుగా ఉన్నాయి. మిగతాదంతా దుప్పటి కిందకి ఇంకిపోయింది. విరిగి అతికిన కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. సంగీత వాళ్ల భాషలో ఏదో చెప్పి, దిండు కింద నుంచి రెక్కలు తీసి వెంకట్రాం అరచేతిలో పెట్టింది. ముసలాయన తల తిప్పి చూశాడు. కళ్లలో అడగడం లేదు. భయం ఉంది.

యుగేందర్ ఊదారంగు టార్చి వెలిగించాడు. రెక్కలు నీలంగా భగ్గుమన్నాయి.

“సూడు, మెరుస్తనే ఉన్నయి,” అన్నాడు గుమ్మంలోకి వచ్చి నిలబడిన ప్రేమ్‌సింగ్. “మా పెద్దబాపు ఆకాశంలకెల్లి దుంకిండని నేను బడిల ఎందరితోని కొట్లాడిన్నో. పన్ను గూడ ఊసిపోయింది. గందుకే అడుగుతున్న. నా పన్నుకన్న జవాబు చెప్పున్రి.”

ఎవరూ నవ్వలేదు. అతను నవ్వించడానికి అనలేదు కూడా.

వెంకట్రాం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని చీలిన గోటిని రెక్క మీద నడిపించాడు. మిషన్ గొలుసుకుట్టులో లంకెలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఇక్కడ అలా లేవు. ఒకటి బిగుతు, ఒకటి వదులు, మనిషి ఊపిరి లాగా. మలుపుల దగ్గర దారం తెగలేదు. రెక్క మొదలు నుంచి కొస దాకా ఒకే దారం తిరిగి తిరిగి నడిచింది. బజారువాడికి అంత ఓపిక ఉండదు. వెనక్కి తిప్పాడు. ఎర్రటి గుడ్డ అస్తరు. పైకుట్టు అస్తరును కూడా పట్టుకుని ఉంది. అతను తలెత్తాడు. గోడకు కొయ్యమీద ఒక పాత కాంచళి వేలాడుతోంది, అద్దాలు రాలిపోయిన లంబాడా ఆడమనిషి రవిక. అదే ఎరుపు. అంచు వెంట అదే వదులూ బిగుతూ ఉన్న గొలుసు.

గోటితో మళ్లీ నొక్కాడు. గొలుసు కింద ఇంకేదో గట్టు తగులుతోంది. వాలుగా, దగ్గరదగ్గరగా, ఆగ్రాలో తాను చూసిన అసలు రెక్కల కుట్టులాగే. పాత కుట్టే కావచ్చు. మడతపడిన గుడ్డ కూడా కావచ్చు. ఫొటోలో గట్టు కనిపించదు. చేతిలోకి తీసుకుని ఉంటే ఆనాడే తెలిసేది.

“పైనున్నది చేతికుట్టు,” అన్నాడు. “కింద ఒకటున్నట్టుంది. పైది ఇప్పితే తెలుస్తది.”

సంగీత ఒక అడుగు ముందుకు వేసింది. “ఇప్పు కాకా.”

గొలుసుకుట్టుకు చివరి ముడి ఒక్కటే ప్రాణం. దాన్ని తెంపి లాగితే మొదటి లంకె దాకా ఒక్క లాగుడులో ఊడివస్తుంది. ముడి ఎడమ రెక్క కొసన, ఆవగింజంత. వెంకట్రాం జేబులోంచి బ్లేడు తీశాడు. ఆ క్షణంలో అతనికి బాల్‌సింగ్ గుర్తు లేడు, తండా గుర్తు లేదు. తెలుసుకోవాలి. తన కన్ను తప్పిందో లేదో, ఇన్నేళ్లుగా తానన్న నిజాలూ కాదులూ ఎన్ని తప్పాయో ఆ ఆవగింజ కింద ఉంది. బ్లేడు ముడిని తాకింది.

అతని మణికట్టును ఎండిన వేళ్లు పట్టుకున్నాయి. అంత బలం ఆ చేతిలో ఉందని ఎవరూ అనుకోలేదు.

“ఇప్పకు.” బాల్‌సింగ్ గొంతు గరగరలాడింది. “అది చాందీ కుట్టింది.”

“యాడియా?” సంగీత మంచం పక్కన కూలబడింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. చాందీ పోయి చాలా ఏళ్లయింది. “యాడి ఎప్పుడు కుట్టింది బాపు? నాకెందుకు చెప్పకపోతివి?”

“నువ్వు పుట్టక మునుపు. అరిగి పోగులొచ్చినయి. మల్ల అరిగితే మల్ల కుట్టింది.” ఆయాసం వచ్చింది. “చెప్తే ఇప్పుతరు.”

“కింద ఏమున్నదో సూడకుండ ఎట్ల నమ్ముడు?” అన్నాడు ప్రేమ్‌సింగ్. గొంతులో ఇందాకటి వెటకారం లేదు, వేడుకోలు ఉంది. “మొత్తం పెద్దమ్మనే కుట్టిందేమో. ఒక్కపారి ఇప్పితే నేను గూడ ఊకుంట గదా.”

“బాపు, ఇయ్యి బాపు,” అంది సంగీత. “యాడి కుట్టుడు మళ్ల కుట్టిస్త. ఈ కాకనే కుడ్తడు.”

బాల్‌సింగ్ ఎవరివైపూ చూడలేదు. వెంకట్రాంనే చూస్తున్నాడు. “నువ్వేనా?” అన్నాడు మెల్లగా. “కాదన్నది?”

వెంకట్రాం తలూపాడు. మిగతావాళ్లకు ఆ ప్రశ్న వినపడలేదు, అతను తలూపడం చూశారో లేదో తెలియదు. ముసలాయన వేళ్లు అతని మణికట్టు మీద సడలలేదు, బిగుసుకోనూ లేదు. బ్లేడు ఇంకా ముడి మీదే ఉంది. నొక్కితే చాలు.

కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. బాల్‌సింగ్ నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాడు.

“పంచలకు తీస్కపోదాం పట్టున్రి,” అంది సంగీత, ముందుగా తేరుకుని. “ఈడ ఉబ్బరిస్తది.”

యుగేందర్ టార్చి మంచం మీద పడేసి, ఒంటి కింద పరిచిన దుప్పటి కొస పట్టుకున్నాడు. వెంకట్రాం బ్లేడు జేబులో వేసుకుని, రెక్కలు దిండు పక్కన పెట్టి తలవైపు కొస పట్టుకున్నాడు. రెండో కొస సంగీతది. కాళ్లవైపు యుగేందర్ పక్కన ప్రేమ్‌సింగ్. నలుగురూ ఒక్కసారి ఎత్తారు.

ఒళ్లు మంచాన్ని వదిలి గాలిలోకి లేచింది. అప్పుడు అది తనంతట తాను కదిలింది. గడ్డం దిగి ఛాతీకి అదుముకుంది. మోచేతులు డొక్కలకు నొక్కుకున్నాయి. వంకర కాలు వెళ్లి మంచి కాలిని వెతుక్కుంది. మోకాళ్లు కలిశాయి, పాదాలు జంటగా కలిసి కొద్దిగా వంగాయి. ఎవరూ చెప్పలేదు. మనిషి కళ్లు మూసుకునే ఉన్నాడు.

“ఏంది, గిట్ల ముడుసుకున్నడు?” అన్నాడు ప్రేమ్‌సింగ్.

వెంకట్రాంకు బల్ల మీది నుంచి దూకిన ఆ కుర్రాళ్లంతా ఒక్కసారి కళ్లముందు నిలిచారు. ఊపిరి బిగపట్టి నడిచాడు. గడప దాటారు. పంచలో మరో మంచం మీద మెల్లగా దించారు. వీపు నులకను తాకింది. ఒళ్లు ముందు పాదాల దగ్గర వదులైంది, తర్వాత మోకాళ్లు, తర్వాత మోచేతులు. చివరికి గడ్డం పక్కకు వాలింది. నేలమీద దిగినవాడు తాళ్లు విప్పుకున్నట్టు.

సంగీత నోట్లో నీళ్లు పోసింది. నీళ్లు పెదవి పక్కనుంచి జారాయి. ఇంకొంచెం పోసింది. తర్వాత చెంబు పక్కన పెట్టి, తండ్రి మెడ దగ్గర తడిని కొంగుతో తుడిచింది. తుడవడం ఆపలేదు.

చాలాసేపటికి ప్రేమ్‌సింగ్ అడిగాడు. “ఇప్పకపోతిమి గదా. ఇగ ఎట్ల తెలుస్తది?”

“కాదన్నది నేనే,” అన్నాడు వెంకట్రాం. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “మిషన్ తొక్కుకుంట అన్న. చేతులకు తీస్కోలే, కాలు గూడ ఆపలే. కింద ఏమున్నదో ఇప్పటికీ చూడలే, ఒట్టేసి చెప్పలేను. గని లేపినప్పుడు ఆయన కాళ్లు చూసినవా? రెండు కలిపిండు. చేతులు దగ్గరికి వెట్టుకుండు. భూమి వచ్చేముందు అట్ల వెట్టాలె. వందలమంది చేసి చూపెట్టంగ చూసిన. అది బజార్ల దొరకదు. దుంకిన ఒంటికే వస్తది.”

ప్రేమ్‌సింగ్ ముసలాయన పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎత్తినప్పుడు అవి తన చేతుల పక్కనే కలిశాయి. అరచేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. లోపలికి వెళ్లి, కొయ్యకు కాంచళి పక్కన తగిలించి ఉన్న ఆకుపచ్చ చొక్కా తెచ్చాడు. మరో చేతిలో రెక్కలు.

“ఏ చేతికి అన్నా?”

“కుడి.”

సంగీత రేకు డబ్బా తెచ్చింది. తల్లి దారాలు. వెంకట్రాం సంచిలో ఆగ్రా నాటి నూలుండ ఉంది. దాన్ని తీయలేదు. డబ్బాలోంచి మెరిసే నీలం దారమే తీసుకుని, లోపలి గదిలో ఖాళీ మంచం మీద కూర్చుని సూదికి ఎక్కించాడు. ప్రేమ్‌సింగ్ ఎదురుగా కూర్చుని చొక్కా చేతిని చాపి పట్టుకున్నాడు, కదలకుండా, లోపల చెయ్యి ఉన్నట్టే. చుట్టూ ఒక్క వరుస. కుట్టినంతసేపూ వెంకట్రాం పాదాలు రెండూ నేలమీద ఆనే ఉన్నాయి. ముడి వేసి, మిగిలిన దారాన్ని పంటితో కొరికాడు.

ఎండ వాలుతుండగా బాల్‌సింగ్‌ను ఆ చొక్కాతోనే పాడె మీద తీసుకుపోయారు. పిల్లలు కూడా వెంట నడిచారు. డప్పు చప్పుడు మిర్చి చేల మీదుగా దూరమైంది.

ఎవరూ లేని గదిలో, నలిగిన పరుపు మీద యుగేందర్ టార్చి ఆర్పకుండా పడి ఉంది. దాని వెలుగు పడినచోట, కొరికి వదిలిన వేలెడంత దారం నీలంగా మెరుస్తోంది.